మొదటి ఓవరువాడు, కడపటి ఓవరువాడు

క్రికెట్టాటనుగూర్చి యీ పుటలలో వ్రాయుట యేమని కొందఱు సోదరీమణు లనుకొనవచ్చును. శిశుపోషణమును, వంటలను, కుట్టుపనిని విడిచి యీ బంతియాట మనకేల యని యడుగువారికి నా సమాధాన మొక్కటే. ఏప్రిలు, మే నెలలలో మన యిండ్లయందు రాత్రిభోజనమునకు వేళ నిర్ణయించునది గృహిణి కాదు, ఆ యాటయే. రాత్రి 7.30 గంటలకు మొదలై 11 గంటలు దాటువఱకు సాగును. అంతవఱకు కంచములు టీవీ యెదుటనే యుండును, పిలిచినను పలుకువారుండరు. మన యింటివేళల నేలుచున్న దానిని మనము తెలిసికొనకుండుట న్యాయము కాదు. అదియుగాక, నేనిప్పుడు చెప్పబోవు వివాదమున మా యింట ఆడువారే గట్టిగా వాదించిరి. మగవారు ఓడిపోయిరని చెప్పను గాని, నెగ్గిరని చెప్పుటకును వీలులేదు.

మాది ఇచ్చోడ. హైదరాబాదునుండి నాగపూరునకు పోవు పెద్దబాటమీద, నిర్మలకును ఆదిలాబాదునకును నడుమ నున్న యూరు. కార్తికమాసము వచ్చినదనగా మాకు ప్రత్తి యేఱు దినములు. 2025 నవంబరు 15వ తేది, శనివారము సాయంకాలము, మా యింటిముందరి పందిరిలో ఆనాటి ప్రత్తిని తూచుచుంటిమి. ఆ సమయమున మా మరిది సెల్‌ఫోను చేతబట్టుకొని వాకిట నుండి పరుగెత్తుకొని వచ్చెను.

“షమీని ఇచ్చేసిన్రు వదినె! లక్నోకు ఇచ్చేసిన్రు!”

మా అత్తగారు ప్రత్తిబస్తామీద కూర్చుండి యుండిరి. “ఎవల్ని ఇచ్చిన్రురా? మనిషినా?” అని యడిగిరి.

“మనిషినే అవ్వా. 10 కోట్లకు.”

“మనిషిని గుడ అమ్ముతరా?”

మేమందఱము నవ్వితిమి. ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదని నాకు తరువాత తోచినది. దానిని ముందు చెప్పెదను. ఇప్పుడు సంగతి యేమనగా:

మహమ్మద్ షమీ భారతదేశపు పేరెన్నిక గన్న వేగపు బౌలరు. సన్‌రైజర్స్ హైదరాబాదువారు 2024 నవంబరులో అరబ్బుదేశపు జెడ్డా నగరమున జరిగిన వేలములో ఆయనను 10 కోట్ల రూపాయలకు తీసికొనిరి. ఒక్క వేసవి యాడించుకొని, ఏడాది తిరుగకముందే అదే వెలకు లక్నో సూపర్ జయంట్స్ జట్టునకు ఇచ్చివేసిరి. దీనినే వారు ట్రేడు అందురు. మన భాషలో దీనికి చక్కని పోలిక యున్నది. మా పిల్లను మీ యింట నిచ్చి మీ పిల్లను మా యింట తెచ్చుకొనుటను కుండమార్పు సంబంధ మందుము గదా! అదే దినమున చెన్నైవారును రాజస్థానువారును చేసినది అచ్చముగా కుండమార్పే. సంజు సాంసను చెన్నైకి వచ్చెను. జడేజాయు, సామ్ కరనును రాజస్థానునకు పోయిరి. షమీ విషయ మట్లు కాదు. ఇక్కడ మనిషి పోయెను, బదులు సొమ్ము వచ్చెను. అయినను మా యింట దానిని కుండమార్పువలెనే తూచిరి. ఏలయన, షమీని పంపిన యా దినముననే హైదరాబాదువారు హర్షల్ పటేలు అను మఱియొక బౌలరును తమకడనే యుంచుకొనుచున్నట్లు ప్రకటించిరి. షమీ మొదటి ఓవరు వేయువాడు. హర్షలు కడపటి ఓవర్లు వేయువాడు. మొదటివానిని విడిచి కడపటివానిని ఉంచుకొనుట తెలివియా, తెలివితక్కువయా? ఇదియే వాదము.

ఆట తెలియని సోదరీమణులకొఱకు రెండుమాటలు చెప్పెదను. ఈ 20 ఓవర్ల యాటలో ఒక్కొక్క జట్టునకు 120 బంతులు. ఏ బౌలరును 4 ఓవర్లకు, అనగా 24 బంతులకు, మించి వేయరాదు. కొత్తబంతికి తోలు నునుపుగా, కుట్టు నిక్కి యుండును. అది నేర్పరి చేతినుండి వెడలినచో గాలిలో వంగును, నేల తాకి యించుక ప్రక్కకు తొలగును. కొట్టువాడు ఇంకను కన్ను కుదిరి నిలువడు. కావున మొదటి ఓవర్లలో వికెట్టు తీయుటకు వీలెక్కువ. ఇది షమీవంటి వారి రాజ్యము.

కడపటి ఓవర్ల సంగతి వేఱు. అప్పటికి బంతి నలిగి మెత్తబడును. కొట్టువాడు తన వికెట్టు పోయిన పోనిమ్మని ప్రతిబంతిని ఆవలికి దాటింప జూచును. అక్కడ వేగముకంటె మోసము ముఖ్యము. ఒకటి, కాలివ్రేళ్లకడ గ్రుచ్చుకొనునట్లు వేయు బంతి, దానిని యార్కరందురు. రెండవది, చేయి వేగముగా తిరిగినట్లే కనబడి బంతిమాత్రము ఆలస్యముగా వచ్చునది. హర్షల్ పటేలు ఈ రెండవదానికి ప్రసిద్ధుడు. ఈ పనిలో మంచివానికిని ఓవరునకు పది పరుగులు పోవును. అతడు పదునైదు పోవలసినచోట పదితో సరిపెట్టినను చూచువారికి పది పోయినట్లే కనబడును.

మన పనిలో చెప్పవలెనన్న, పెండ్లింట వంట మొదలుపెట్టినవారికి పేరు. బంతులు రెండు మూడు లేచినపిమ్మట, లెక్కకు మించి చుట్టములు వచ్చి, కూర అడుగంటినవేళ గరిటె చేతబట్టుకొని నిలిచినవారికి మాట. ఆ నిలిచినవారు మొదటి వంటవారికంటె తక్కువ పనివా రని మనలో నెవరును అనజాలరు.

మా ఆడబిడ్డను ఇదే యూరిలో నిచ్చినాము. ఆమెయొద్ద ఒక నోటుపుస్తకమున్నది. దాని ముందరి పుటలలో ప్రత్తి యేఱినవారి కిలోల లెక్క యుండును. వెనుక పుటలలో ఆటల లెక్క. టీవీలో చెప్పువారి మాటలను ఆమె నమ్మదు. ఆ దినమున ప్రత్తి తూచుటకు ఆ పుస్తకము తోడనే వచ్చి యుండెను. ఇంక మా మరిదికి తప్పించుకొను దారి లేకపోయెను.

“వరల్డ్ కప్పుల 24 వికెట్లు తీసినోణ్ని ఎవలన్న ఇస్తరా అక్కా?” అని అతడు మొదలుపెట్టెను.

మాట నిజమే. 2023లో మనదేశమున జరిగిన ప్రపంచపు పోటీలో షమీ యాడినది 7 ఆటలే. తీసినది 24 వికెట్లు. ఆ పోటీలో అంతకంటె నెక్కువ తీసినవారు లేరు. ముంబాయిలో న్యూజీలాండుమీద నొక్కనాడే 57 పరుగులిచ్చి 7 వికెట్లు తీసెను. ఆ వేసవిలోనే గుజరాతు జట్టుకొఱకు 28 వికెట్లు తీసి ఊదారంగు టోపీని గెలుచుకొని యుండెను. తరువాత 2024 ఫిబ్రవరిలో మడమ నరమునకు శస్త్రచికిత్స జరిగి ఆ యేటి ఐపీఎల్ అంతయు ఆడలేదు.

మా ఆడబిడ్డ పుటలు త్రిప్పెను. “అవన్ని వేరేటోళ్లకు తీసినయి. మనకాడ ఎన్ని తీసిండో నేను చెప్త. 9 ఆటలల 6 వికెట్లు. హర్షల్ 13 ఆటలల 16. ఏది ఎక్కువనో నువ్వే చెప్పు.”

“వికెట్లు ఒక్కటేనా? భయం అనేది ఉండదా? మొదటి బంతికి షమీ వస్తున్నడంటే అవుతలోడు వణుకుతడు.”

“వణికితే వణికిండు. వణికినోడు 75 కొడ్తడా?”

ఈ 75 అను సంఖ్య మా యింట పెద్ద గాయము. 2025 ఏప్రిలు 12వ తేదిన ఉప్పలులో పంజాబు జట్టుతో జరిగిన యాటలో షమీ తన 4 ఓవర్లలో 75 పరుగు లిచ్చి ఒక్క వికెట్టు నైనను తీయలేకపోయెను. ఐపీఎల్‌లో ఒక భారతీయ బౌలరు ఒక్క యాటలో అన్ని పరుగులిచ్చుట అంతకుముందు లేదు. దానికి ఇరువది దినములకు ముందు అదే మైదానమున ఇంగ్లండువాడైన జోఫ్రా ఆర్చరు మన హైదరాబాదు జట్టుచేత 76 పరుగులు కొట్టించుకొని యుండెను. కాబట్టి షమీ ఒక్క పరుగు తేడాతో అందఱిలోకి చెడ్డవాడన్న పేరు తప్పించుకొనెను. ఆనాడు పంజాబువారు 245 పరుగులు చేసిరి. అయినను మన జట్టే గెలిచినది. అభిషేక్ శర్మ 55 బంతులలో 141 పరుగులు చేయుటచే షమీ లెక్కను ఆ రాత్రి ఎవరును అడుగలేదు. మా ఆడబిడ్డ మాత్రము వ్రాసికొని యుంచెను.

ఆ పుటను నేను అడిగి తీసికొని చూచితిని. అందులో నాకొక సంగతి కనబడినది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము. అదే యాటలో హర్షల్ పటేలు 42 పరుగులిచ్చి 4 వికెట్లు తీసెను. మఱి పంజాబువారి 20వ ఓవరు, అనగా కట్టకడపటి ఓవరు, ఎవరు వేసిరి? షమీ వేసెను. ఆ ఓవరు చివరి నాలుగు బంతులను మార్కస్ స్టోయినిస్ నాలుగు సిక్సర్లుగా కొట్టెను.

మొదటి ఓవరువానిని తెచ్చి కడపటి ఓవరు వేయించిరి. ఆ పరుగులన్నియు అతని పేరిట వ్రాసిరి. తరువాత, ఇంతింత యిచ్చుచున్నాడని లెక్క చూపిరి. నేను షమీని వెనుకవేసికొని వచ్చుట లేదు. మొదటి మూడు ఓవర్లలోను అతడు బాగుగా వేయలేదు. కాని యా నాలుగు సిక్సర్లలో సగము తప్పు బంతి చేతికిచ్చినవారిది. పని నెఱిగి మనిషిని పెట్టుట యొక విద్య. అది చేయజాలక మనిషిని మార్చుట సులువు.

మా మరిదికి ఈ వాదము ప్రాణము పోసినది. “అదే అంటున్న వదినె! పాతిక తారీకు నాడు ఏమైంది మరి?” అని లేచి నిలువబడెను.

ఏప్రిలు 25వ తేది యాట చెన్నైలో జరిగినది. మొదటి బంతి షమీది. ఎదుట నిలిచినవాడు మన గుంటూరు పిల్లవాడు షేక్ రషీదు. బంతి బ్యాటు అంచును తాకి అభిషేకు చేతిలో పడెను. ఆట మొదటి బంతికే వికెట్టు! మా యింట సగముమంది కేకలువేసిరి. “పాపం, మనోడే గద” అని మా అత్తగారు మాత్రము నొచ్చుకొనిరి. చెన్నైవారు 154 పరుగులకు ఆలౌటైరి. చెన్నై జట్టును వారి మైదానమున హైదరాబాదు జట్టు ఓడించుట అదే మొదటిసారి.

“ఆ ఆటల హర్షల్ ఎన్ని తీసిండు?” అని మా ఆడబిడ్డ మెల్లగా అడిగెను.

మా మరిది పలుకలేదు. హర్షలు 28 పరుగులకు 4 వికెట్లు తీసెను. వారిలో ధోనీ యొకడు. ధాటిగా 42 పరుగులు చేసిన బ్రెవిస్ మఱియొకడు. బ్రెవిస్ కొట్టిన బంతిని కమిందు మెండిస్ గాలిలో తేలి పట్టుకొనిన తీరు ఇప్పటికిని మా పిల్లలు మంచముమీదినుండి దూకి చూపించుచుందురు.

ఆ తేదికి మఱియొక చరిత్ర కలదు. సరిగా నాలుగేండ్ల ముందు, 2021 ఏప్రిలు 25వ తేదిన, బెంగుళూరు జట్టులో నున్న హర్షల్ పటేలు ఇదే చెన్నైవారికి ముంబాయిలో 20వ ఓవరు వేసెను. ఆ యొక్క ఓవరులో జడేజా 5 సిక్సర్లు కొట్టెను. మొత్తము 37 పరుగులు వచ్చినవి. ఊరంతయు నవ్వినది. అయితే ఆ సంవత్సరము ముగియునప్పటికి అందఱికంటె నెక్కువ వికెట్లు తీసిన బౌలరు ఎవరనుకొనుచున్నారు? ఆ హర్షలే. 32 వికెట్లతో ఊదాటోపీ గెలుచుకొనెను. 2024లో పంజాబుకొఱకు 24 వికెట్లు తీసి మరల గెలుచుకొనెను. 37 పరుగులు కొట్టించుకొనిన మఱుసటి యాటకు ఏ ముఖముతో మైదానమునకు వచ్చియుండును? కడపటి ఓవరువానికి బంతి తిరుగుటకంటె మనసు తిరుగకుండుట ముఖ్యమని నే నప్పటినుండి అనుకొనుచున్నాను.

ఇంతలో అమెరికానుండి మా అక్కకొడుకు ఫోను చేసెను. అతడు టెక్సాసు రాష్ట్రమున డల్లాసు దగ్గఱ నున్నాడు. అక్కడ మన తెలుగువారు వేలకొలది యున్నారు. వారికి దగ్గఱలోని గ్రాండ్ ప్రెయిరీ అను చోట 2023నుండి క్రికెట్టు పందెములు జరుగుచున్న మైదానము పూర్వము బేసుబాలాటకొఱకు కట్టినదే. అతడు రెండాటలును చూచును. మా జగడము విని పెద్దగా నవ్వి, “చిన్నమ్మా, మీరు గిప్పుడు కొట్లాడుతున్నరు. మా ఆఫీసుల 2023 నుంచి గిదే కొట్లాట” అనెను.

బేసుబాలులో బంతి విసరువానిని పిచ్చరందురు. ఆటకు 9 భాగములు. మొదట వచ్చిన పిచ్చరు అయిదాఱు భాగములు విసరి అలసినపిమ్మట వెలుపలికి పోవును. ఆనాటికి మరల రారాదు. అటుపిమ్మట సాయపు పిచ్చర్లు ఒకరివెనుక నొకరు వచ్చి మిగిలినదానిని కాపాడుదురు. మొదటివాడు అయిదు దినముల కొక్కమాఱు పని చేయును. సాయపువాడు ఏ దినమున పిలుపు వచ్చునో తెలియక దినదినమును సిద్ధముగా నుండవలెను. చాలకాలము ఈ సాయపువారి పనికి లెక్కయే లేకుండెను. వారు నిలిపిన యాటలను లెక్కించు పద్ధతి 1969లోగాని అధికారముగా రాలేదు. అట్టి పనిలో పండిన మారియానో రివేరా 652 ఆటలను నిలిపెను. 2019లో బేసుబాలు మహాపురుషుల జాబితాలోనికి ఒక్క వోటైనను తక్కువ కాకుండ ఎన్నుకొనబడిన మొదటివాడు అతడే. కడపటిపనివానికి దక్కిన యీ గౌరవము నాకు మిక్కిలి నచ్చినది.

మా అక్కకొడుకు చెప్పిన కథ యిది. 2023లో టెక్సాసు రేంజర్స్ అను జట్టు బాగుగా ఆడుచుండెను గాని, ఆట చివరిభాగములలో గెలుపు చేజాఱుచుండెను. వారియొద్ద కోల్ రేగన్స్ అను పాతికేండ్ల పిల్లవాడుండెను. 2016లో వారే యేఱి తెచ్చుకొనిన పిల్లవాడు. మోచేతికి రెండుమాఱులు శస్త్రచికిత్స జరిగినను జట్టువారు ఓపికతో పెంచిరి. జూను 30వ తేదిన అతనిని కాన్సాసు సిటీవారికి ఇచ్చి, బదులు అరోల్డిస్ చాప్మను అను సాయపు పిచ్చరును తెచ్చుకొనిరి. చాప్మను 2010లో గంటకు 170 కిలోమీటర్ల వేగముతో బంతి విసరినవాడు. కాని 2023నాటికి వయసు ముప్పదియైదు. ఆ యొక్క యేటితో ఒప్పందము ముగియును. పెంచిన దూడనిచ్చి, ఆ యేటి దుక్కికి పనికివచ్చు ముసలియెద్దును తెచ్చుకొనినట్లున్నదని అభిమానులు గోలపెట్టిరట.

నవంబరు 1వ తేదిన టెక్సాసువారు ప్రపంచ పందెము గెలిచిరి. ఆ జట్టు చరిత్రలో అదే మొదటి గెలుపు. చాప్మను వచ్చిన పని చేసి, వచ్చిన యేడే వెడలిపోయెను. కాన్సాసు సిటీవారు రేగన్సును మొదటి పిచ్చరుగా నిలిపిరి. ఆ యాగస్టు నెలకే అతడు ఆ లీగులో మేటి పిచ్చరనిపించుకొనెను. 2023లో 106 ఆటలోడిన యా జట్టు 2024లో పెద్దపోటీకి ఎక్కెను. బాల్టిమోరుతో జరిగిన మొదటి యాటలో రేగన్స్ ఆఱుభాగములు ఒక్క పరుగును ఇయ్యకుండ విసరి 1–0తో గెలిపించెను.

“మరి ఎవలు గెల్చినట్టురా?” అని నేనడిగితిని.

“గదే కొట్లాట చిన్నమ్మా. కప్పు వచ్చిందని సగం మంది. పిల్లగాడు పోయిండని సగం మంది.”

నా మట్టుకు ఇద్దఱును నెగ్గిరనియే తోచుచున్నది. టెక్సాసువారి యింట ఆ యేడు లేనిది కడపటిపనివాడు. కాన్సాసువారి యింట లేనిది మొదటి పనివాడు. ఎవరి కొఱత వారు తీర్చుకొనిరి. హైదరాబాదువారి కొఱత యేమి? 2025లో వారు పది జట్లలో ఆఱవస్థానమున నిలిచిరి. భువనేశ్వరు పది యేండ్లు వారికి కొత్తబంతి వేసెను. నటరాజను కడపట యార్కర్లు వేసెను. 2024 వేలములో ఇద్దఱును ఇతరుల పాలైరి. వారి చోటులకే షమీని, హర్షలును తెచ్చిరి. ఆ యిద్దఱిలో కడపటిచోటు నిండినది, మొదటిచోటు నిండలేదు. నిండని చోటును ఖాళీచేయుట తప్పని నేననను. కాని షమీవలన మిగిలిన సొమ్ముతో ఏమి తెచ్చిరి? డిసెంబరు 16వ తేదిన అబుధాబి వేలములో లివింగ్‌స్టను అను బ్యాటింగువానిని 13 కోట్లకు కొనిరి. మా ఆడబిడ్డ యిది విని, “ఉప్పు అయిపోయిందంటే చక్కెర తెచ్చినట్టుంది” అని పుస్తకము మూసివేసెను. అంతవఱకు షమీని పంపుట మంచిదని వాదించిన యామె ఆనాడు మా మరిదిప్రక్కకు చేరినది. ఓడిపోయినను తమ్మునకు తోడు దొరికినది.

ఇంక మా అత్తగారి ప్రశ్న. మనిషిని అమ్ముదురా?

ఈ ప్రశ్నను అమెరికాలో ఒక ఆటగాడే యడిగెను. కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి యాటగాడు సెంట్ లూయిసు జట్టులో పండ్రెండేండ్లు ఆడెను. 1969 అక్టోబరులో ఆ జట్టువారు అతనిని అడుగకయే ఫిలడెల్ఫియావారికి మార్చివేసిరి. నేను సరకును కాను, నా యిష్టము లేనిదే పంపుటకు మీకేమి యధికారమని అతడు బేసుబాలు పెద్దకు లేఖ వ్రాసెను. వ్యాజ్యము వేసెను. 1970లో ఒక్క యాటయు ఆడక గొప్ప జీతమును వదలుకొనెను. 1972లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 5–3 తీర్పుతో అతని వ్యాజ్యమును కొట్టివేసెను. అతని ఆట ముగిసిపోయెను. అయినను దారి తెఱచుకొనినది. పదియేండ్లు పని చేసి, అందు కడపటి అయిదేండ్లు ఒకే జట్టులోనున్నవానిని అతని యొప్పుదల లేక పంపరాదని 1973లో నియమము వచ్చినది. 1975లో ఇద్దఱు పిచ్చర్ల తగవు తీర్పుతో, ఒప్పందము ముగిసినవాడు తన యిచ్చ వచ్చిన జట్టునకు పోవు స్వేచ్ఛయు లభించినది.

మన ఐపీఎల్‌లో ట్రేడునకు ఆటగాని సమ్మతి యుండితీరవలెను. వేలములో నట్లు కాదు. తన పేరిచ్చుట యొక్కటే ఆటగాని వశము. ఎవరు పాడుకొందురో వారియింటికి పోవలెను. మన హైదరాబాదు పిల్లవాడు, ఆటో నడుపువాని కుమారుడు మహమ్మద్ సిరాజు సంగతి చూడుడు. 2017లో హైదరాబాదు జట్టు అతనిని 2 కోట్ల 60 లక్షలకు కొని, 6 ఆటలాడించి, అతడు 10 వికెట్లు తీసినను మఱుసటి యేడు విడిచెను. ఏడేండ్లు బెంగుళూరున ఆడెను. వారును 2024లో విడిచిరి. గుజరాతువారు 12 కోట్ల 25 లక్షలకు తీసికొనిరి. 2025 ఏప్రిలు 6వ తేదిన ఉప్పలులో, తన యూరిలో, తన వారియెదుట, హైదరాబాదు జట్టుమీద 17 పరుగులకే 4 వికెట్లు తీసెను. మా యింట ఆ రాత్రి చప్పట్లు కొట్టవలెనో, ఏడ్వవలెనో తెలియలేదు. మఱి సిరాజును విడిచిన బెంగుళూరువారు అదే వేలమున మన భువనేశ్వరును తెచ్చుకొని, ఆ యేడే తమ మొదటి కప్పును గెలిచిరి. ఇట్టివానిని తూచుటకు ఏ కాటాయు చాలదు.

ఆడపిల్లల యాటలోను ఇవే లెక్కలు. కడప జిల్లా పిల్ల శ్రీచరణి 2025 ప్రపంచ పోటీలో 14 వికెట్లు తీసి మనదేశమునకు కప్పు తెచ్చినవారిలో నొకతె. అంతకుముందు 55 లక్షలకు తీసికొనిన ఢిల్లీ జట్టు ఆమెను విడిచి, ఆ నవంబరు వేలములోనే 1 కోటి 30 లక్షలు పెట్టి మరల తెచ్చుకొనినది. ఇంటి బిందెను అమ్మి, అంగడిలో దానినే రెండింతలకు కొనినట్లు!

ఆ శనివారపు రాత్రి భోజనములైనపిమ్మట ఈ సమ్మతి నియమమును మా అత్తగారికి చెప్పితిని.

“అయితే అడిగే పంపిన్రా?”

“అడిగే అత్తమ్మా. ఒప్పుకుంటెనే పంపుతరట.”

“ఏ దిక్కోడు ఆ పిల్లగాడు?”

“ఉత్తరప్రదేశ్. అమ్రోహా అని జిల్లా ఉన్నదట.”

“లక్నో ఎక్కడ?”

“అదీ ఉత్తరప్రదేశే.”

ఆమె కొంచెముసేపు ఊరకుండి, “అయితే తల్లిగారింటి దిక్కే పోయిండు. పోనీ తియ్యి” అని చెప్పి, ప్రత్తి తడియకుండ పందిరిమీద బరకము కప్పిరో లేదో చూచుటకు వాకిటికి పోయిరి.